బాధితురాలి రహస్యము – తెగల చట్టము

అమెరికా సంయుక్త రాష్ట్రముల కేంద్ర ప్రభుత్వము 570కి పైబడిన మూలవాసి తెగలను స్వపరిపాలనాధికారము గల సమాజములుగా గుర్తించియున్నది. వానిలో పెక్కింటికి సొంత మండలి, సొంత పోలీసులు, సొంత న్యాయస్థానము, సొంత శాసనసంపుటము కలవు. ఆ సంపుటములను తిరుగవేసి చూచినచో చేపల వేటకు నియమములు, జూదగృహముల లెక్కలకు విధులు, పెంపుడు కుక్కలకు సైతము ప్రకరణములు కనబడును. కాని భర్తచేత దెబ్బలు తిన్న స్త్రీ, అర్ధరాత్రమున తన చేయి పట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయిన సహాయకురాలితో చెప్పుకొన్న మాటలను, రేపు ఎవరైన సమను పంపించి బలవంతముగా బయటికి లాగవచ్చునా అను ప్రశ్నకు సమాధానము మాత్రము అన్నిటిలోను దొరకదు. కొన్ని తెగలు ఈ విషయమున స్పష్టమైన శాసనము వ్రాసికొన్నవి. కొన్ని పొరుగు రాష్ట్రపు సాక్ష్యచట్టమునో కేంద్రపు సాక్ష్యనియమములనో ఎత్తి తమ సంపుటమున పెట్టుకొన్నవి. కొన్ని ఏమియును చెప్పక ఊరకున్నవి. ఈ మూడవ కోవకు చెందిన తెగలు తమ మౌనమును విడువవలెననియు, రెండవ కోవకు చెందినవి అరువు మాటలతో తృప్తి పడరాదనియు, ఆ స్త్రీ చెప్పిన మాట ఆమెదే యని, ఆమె సమ్మతి లేక దానిని మండలి గాని పోలీసు గాని న్యాయాధిపతి గాని తెరిపింపజాలరని తమ చట్టమున తామే వ్రాసికొనవలెననియు నా దృఢాభిప్రాయము.

సహాయకురాలనగా ఇక్కడ వకీలు కాదు. ఆమెకు న్యాయశాస్త్రపు పట్టా ఉండవలసిన పని లేదు. పిలుపు వచ్చినంతనే బయలుదేరుట, గాయములకు కట్టు కట్టించుట, పిల్లలతో సహా తల్లిని ఆశ్రయగృహమునకు చేర్చుట, రక్షణ ఉత్తర్వునకై దరఖాస్తు నింపించుట, విచారణ నాడు న్యాయస్థానమున ఆమె ప్రక్కన కూర్చుండుట, ఇవి ఆమె పనులు. దక్షిణ డకోటా రాష్ట్రమున రోజ్‌బడ్ లకోటాల భూభాగములో 1970ల చివర కొందరు స్త్రీలు వైట్ బఫెలో కాఫ్ ఉమెన్ సొసైటీ యను సంఘమును స్థాపించి, తెగల భూభాగములపై వెలసిన తొలి ఆశ్రయగృహముగా పేరొందిన దానిని నడిపిరి. ఆ సంఘమునకు ప్రాణమైన టిల్లీ బ్లాక్ బేర్ 1978లో వాషింగ్టన్ నగరమునకు పోయి పౌరహక్కుల కమిషను ఎదుట తమ స్త్రీల బాధను వినిపించెను. ఆ తరము స్త్రీలకు గుట్టు కాపాడుటలో తమ నోటి కట్టుబాటే గాని చట్టపు అండ అంతగా లేదు. కట్టుబాటు గొప్పదే, కాని వ్యక్తుల నియమనిష్ఠలపై నిలిచిన రక్షణ ఆ వ్యక్తులు మారిన నాడు మారిపోవును, మండలిలో కొత్త సభ్యులు వచ్చిన నాడు ఒత్తిడికి లోబడును, సమను చేతికందిన నాడు ఏమి చేయవలెనో తెలియక తత్తరపడును.

ఈ రక్షణ ఎందరికి అవసరమో అంకెలు చెప్పుచున్నవి. అమెరికా జాతీయ న్యాయ పరిశోధనా సంస్థ 2016లో వెలువరించిన నివేదిక ప్రకారము ఆ దేశపు మూలవాసి స్త్రీలలోను అలాస్కా మూలవాసి స్త్రీలలోను కలిపి 84.3 శాతము మంది జీవితకాలమున ఏదో యొక రూపమున హింసకు గురియైనవారే, 55.5 శాతము మంది భర్త గాని సహచరుడు గాని చేసిన దేహహింసను అనుభవించినవారు. హింసకు గురియైన స్త్రీలలో 97 శాతము మందికి పరజాతివాని చేతి హింస ఒక్కసారియైనను అనుభవమైనది. అసలు చిక్కు ఈ కడపటి అంకెలో ఉన్నది. ఏలయన 1978లో సుప్రీం కోర్టు, ఒలిఫాంట్ కేసులో, మూలవాసి కాని వానిని నేరస్థునిగా విచారించు అధికారము తెగల న్యాయస్థానములకు లేదని తీర్పు చెప్పెను. తెగ భూమిపై కాపురముండి, తెగ ఆడబిడ్డను కట్టుకొని, ఆమెను చావగొట్టిన పరాయివానిని ఆ తెగ న్యాయాధిపతి ఎదుట నిలువబెట్టుటకు వీలు లేకపోయెను. ఎక్కడో దూరనగరమున నున్న కేంద్ర ప్రాసిక్యూటరు తలచుకొన్ననే వానికి విచారణ. లూయీస్ ఎర్డ్రిక్ 2012లో వ్రాసి నేషనల్ బుక్ అవార్డు పొందిన 'ది రౌండ్ హౌస్' నవల, సాక్షాత్తు తెగ న్యాయాధిపతి భార్యకే ఈ అధికారముల చిక్కుముడిలో న్యాయము దొరకని వైనమును చిత్రించినది. ఆ నవలలోని స్త్రీ మొదట నోరు విప్పదు. ఆ మౌనమునకు కారణము చదువరికి క్రమముగా గాని తెలియదు.

ముప్పది యైదేండ్లు గడచిన పిమ్మట, 2013లో, స్త్రీలపై హింసను అరికట్టుటకై చేసిన 1994 నాటి చట్టమును పునరుద్ధరించునపుడు, కాంగ్రెసు ఆ అధికారమును గృహహింస మేరకు తెగలకు మరల గుర్తించెను. 2014లో అరిజోనాలోని పాస్కువా యాకీ, వాషింగ్టన్ రాష్ట్రములోని తులాలిప్, ఆరెగాన్‌లోని ఉమటిల్లా తెగలు దానిని మొట్టమొదట ప్రయోగించినవి. 2022లో అది లైంగికహింసకును, వెంటాడి వేధించుటకును, బాలలపై హింసకును విస్తరించెను. ఇది గొప్ప విజయము; సందేహము లేదు. కాని ఈ అధికారమును చేపట్టు తెగ ముద్దాయికి కొన్ని హక్కులను తప్పక ఇయ్యవలెనని అదే చట్టము విధించినది: వకీలును పెట్టుకొనలేని వానికి తెగ ఖర్చుపై వకీలు, మూలవాసులు కాని వారికిని చోటుండు జ్యూరీ, తీర్పును పైస్థాయిలో ప్రశ్నించు మార్గము. ఇవి న్యాయమైన హక్కులే. వీని ఫలితముగా, ఒకప్పుడు పెద్దమనుషుల పంచాయితీ తీరున సాగిన విచారణలలోనికి నేర్పరియైన వకీలు ప్రవేశించెను. ఆ వకీలు తన వృత్తిధర్మము ననుసరించి మొదట వెదకునది ఫిర్యాదుదారురాలు ఇంతకుముందు ఎవరితో ఏమి చెప్పినదనియే. సహాయకురాలి ఫైలు వాని కంట పడకుండునా?

కేంద్ర చట్టము ఈ రహస్యమును ఇదివరకే కాపాడుచున్నది గదా యని అనువారు కలరు. కాపాడుచున్న మాట నిజము. ఎంతవరకు అనునదే ప్రశ్న. పైన చెప్పిన 1994 నాటి చట్టమునకు 2005లో చేసిన సవరణల ప్రకారము ఆ చట్టపు నిధులను స్వీకరించు ప్రతి సంస్థయు, బాధితురాలిని గుర్తుపట్టుటకు వీలైన ఏ వివరమునైనను, ఆమె విషయము తెలిసికొని, గడువు నిర్ణయించి, వ్రాతమూలకముగా ఇచ్చిన సమ్మతి లేనిదే వెల్లడింపరాదు. సంతకము పెట్టిననే సాయము చేసెదమని షరతు విధింపరాదు. పసివారి తరఫున సమ్మతి నిచ్చు హక్కు వారిని గాని వారి తల్లిని గాని హింసించిన తండ్రికి లేదు. వ్రాసినవారు మనుషుల స్వభావమును ఎరిగి వ్రాసిరని ఈ కడపటి నియమమును చూచిననే తెలియును. అయినను ఇది నిధులతో వేసిన ముడి. గ్రాంటు పుచ్చుకొన్నంత కాలము, పుచ్చుకొన్న సంస్థను మాత్రమే కట్టును. అందులోనే ఒక తలుపు కూడ తెరచి యుంచబడినది. శాసనము గాని న్యాయస్థానపు ఆజ్ఞ గాని బలవంతము చేసినచో వివరములు వెల్లడింపవచ్చును. అట్టి సందర్భమున బాధితురాలికి ముందుగా తెలియజేయుటకు తగిన యత్నము చేసి, ఆమె క్షేమమునకు వలయు జాగ్రత్తలు తీసికొన్న చాలును.

అనగా, సహాయకురాలు తనంతట తాను నోరు విప్పరాదను కట్టడి మాత్రమే కేంద్ర చట్టమున కలదు. న్యాయాధిపతి చెప్పుమనినపుడు చెప్పనని నిలుచుటకు వలయు హక్కు అందులో లేదు. వకీలునకు ఆ హక్కు కలదు. మతగురువునకు కలదు. అమెరికా రాష్ట్రములలో పెక్కు, గృహహింస బాధితులకు తోడ్పడు సహాయకురాండ్రకును తమ సాక్ష్యచట్టములలో దానిని ప్రసాదించినవి. కాలిఫోర్నియా సాక్ష్యస్మృతిలో దానికొక ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. రాష్ట్రము ఇచ్చిన హక్కు తెగ న్యాయస్థానమును కట్టదు. అక్కడ దానిని ఇయ్యవలసినది తెగయే.

నగరవాసికి ఈ భేదము సూక్ష్మముగా తోచవచ్చును. రెండు మూడు వేల జనము గల తెగలో అది సూక్ష్మము కాదు. అక్కడ పోలీసు భర్తకు పెదతండ్రి కొడుకు కావచ్చును. న్యాయస్థానపు గుమాస్తా అత్తగారి చెల్లెలి కూతురు కావచ్చును. న్యాయాధిపతి వరుసకు మామయో, సహాయకురాలు మేనత్తయో కావచ్చును. ఆశ్రయగృహము ఎక్కడ నున్నదో బడిపిల్లలకు సైతము తెలియును. కాగితముపై పేరు కొట్టివేసి, ముగ్గురు పిల్లల తల్లి యని, చేయి విరిగినదని, ఫలానా వారమున ఆసుపత్రికి వచ్చినదని వ్రాసినచో, చదివిన వారందరును ఆమె యెవరో చెప్పగలరు. పేరు తొలగించిన మాత్రమున గుర్తు తొలగదు. మన పల్లెలలోను సంగతి ఇంతే గనుక తెలుగు పాఠకునకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. కడుపు చించుకొన్న కాళ్లపై బడునని మన తల్లులు కూతుండ్రకు చెప్పి పంపుచునే యుందురు. ఇందులో నాకు ఎప్పటికిని వింతగా తోచునది ఒకటి కలదు: ఇంటిగుట్టు పేరిట లోకము ఇన్నాళ్లును భద్రముగా కాపాడుచు వచ్చినది కొట్టినవాని గుట్టునే, కొట్టించుకొన్న దాని గుట్టు మాత్రము అడిగిన వారికెల్ల చూపదగిన కాగితమై పోయినది.

ఆమె సహాయకురాలితో చెప్పుకొనునది భర్త చేసిన దుర్మార్గము మాత్రమే అయినచో ఇంత చర్చ అవసరము లేకపోవును. నిద్ర పట్టక తాగితినని చెప్పును. ఒకనాడు పిల్లలను వదలి పారిపోదునా అనిపించినదని చెప్పును. మూడుసార్లు వెళ్లిపోయి మూడుసార్లును తిరిగి వచ్చితినని, ఇప్పటికిని వానిపై మమకారము చావలేదని చెప్పును. ఈ మాటలు చెప్పుకొన్ననే సహాయకురాలు ఆమెకు పనికివచ్చు ఉపాయము ఆలోచింపగలదు. ఈ మాటలే రేపు పిల్లల సంరక్షణ వ్యాజ్యమున భర్త వకీలు చేతిలో ఆయుధములగును. మూలవాసి తల్లికి ఆ వ్యాజ్యపు భయము మనము ఊహించు దానికంటె లోతైనది. 1978లో కాంగ్రెసు మూలవాసి శిశుసంక్షేమ చట్టమును చేయునాటికి, మూలవాసి పిల్లలలో 25 నుండి 35 శాతము వరకు తమ కుటుంబముల నుండి వేరుచేయబడి పరుల యిండ్లలోనో సంస్థలలోనో పెరుగుచుండిరని ఆనాటి పరిశీలనలు తేల్చినవి. అంతకుముందు తరములను వసతిగృహపు బడులు మింగివేసినవి. తమ అమ్మమ్మ కథగా, తల్లి కథగా దీనిని విన్న స్త్రీ, నోటు పుస్తకము తెరచి కూర్చున్న ఏ ఉద్యోగినిని చూచినను ముందుగా తలచునది పిల్లలనే. ఆమెకు అవసరమైనది ఓదార్పు మాట కాదు, చట్టములోని మాట.

తెగల పరిస్థితిలో మరియొక చిక్కు కలదు. ఇది చర్చలలో తరచు వెనుకబడుచున్నది గనుక కొంచెము నిలిచి చెప్పెదను. నగరములలో ఆశ్రయగృహము నడుపు స్వచ్ఛంద సంస్థ వేరు, ప్రాసిక్యూటరు కార్యాలయములో బాధితులకు తేదీలు తెలియజేయుచు సాక్ష్యమునకు సిద్ధపరచు ఉద్యోగిని వేరు. మొదటిది బాధితురాలి పక్షము, రెండవది ప్రభుత్వ పక్షము. చిన్న తెగలలో ఈ రెండు కుర్చీలలోను ఒక్క మనిషియే కూర్చుండును. జీతమునకు నిధులు ఒకచోటి నుండి వచ్చును, గది పోలీసు స్టేషనులోనే ఉండును. 1963 నాటి బ్రేడీ తీర్పు ననుసరించి, ముద్దాయికి అనుకూలించు ఏ సంగతియైనను ప్రాసిక్యూషను వద్ద నున్నచో దానిని ముద్దాయికి తెలుపవలెననుట అమెరికా నేరవిచారణలో మూలసూత్రము. కాబట్టి ప్రాసిక్యూటరు క్రింద పనిచేయు సహాయకురాలు విన్న మాట ప్రాసిక్యూటరు విన్న మాటయే యగు ప్రమాదము కలదు. ఆ సంగతి తెలియని స్త్రీ, చల్లని ముఖమును చూచి నమ్మి, హృదయము విప్పును. నా దృష్టిలో ఇది మోసము. ఎవరును తలపెట్టని మోసమే గాని, మోసమే. తెగకు ఇద్దరిని నియమించు శక్తి లేనిచో, పొరుగు తెగతోనో ప్రాంతీయ సంఘముతోనో కలసియైనను వేరొక మనిషిని ఏర్పరుపవలెను. అదియు కాకున్న, మొదటి మాటకు ముందే, నేను ఎవరి మనిషినో వినుమని, నీవు చెప్పునది ఎవరి చెవిని పడగలదో తెలిసికొనుమని ఆ ఉద్యోగిని ఆమెకు చెప్పుట చట్టమున విధిగా చేయవలెను.

మండలి సంగతియు ఇట్టిదే. సహాయ కార్యక్రమము తెగ ప్రభుత్వములో ఒక శాఖయైనపుడు, మండలి సభ్యుడు తన శాఖ ఫైలును తాను చూచుటకు అడ్డేమి యని అడుగును. ఎందరు స్త్రీలు వచ్చిరి, ఎంత ఖర్చాయెను అను లెక్క ఆయన అడుగవచ్చును. ఎవరు వచ్చిరో అడుగరాదు. ఈ రెండు వాక్యములు శాసనమున ఉండవలెను. ఉన్ననే క్రింది ఉద్యోగిని వానిని చూపించి తన ఉద్యోగమును కాపాడుకొనగలదు.

ఎదురు వాదము లేకపోలేదు. అది తేలికయైనదియు కాదు. చెరసాలకు పోవలసిన మనిషి, తన నిర్దోషిత్వమును చూపగల కాగితము ఇంకొకరి బీరువాలో నున్నదని మొర పెట్టుకొన్నచో న్యాయాధిపతి చెవులు మూసికొనవచ్చునా? 1981లో పెన్సిల్వేనియా అత్యున్నత న్యాయస్థానము, పిట్స్‌బర్గ్ నగరములోని అత్యాచార బాధితుల సహాయ కేంద్రపు కేసులో, సంపూర్ణమైన రహస్య హక్కును అంగీకరింపలేదు. ఆ యేటనే ఆ రాష్ట్రపు శాసనసభ కలుగజేసికొని అట్టి హక్కును చట్టముగా చేసెను. 1987లో సుప్రీం కోర్టు, ఆ రాష్ట్రము నుండియే వచ్చిన రిచీ కేసులో, శిశుసంక్షేమ శాఖ ఫైలును న్యాయాధిపతి ఏకాంతమున చదివి, అవసరమైన భాగమును ముద్దాయికి ఇప్పింపవలెనని చెప్పెను. ఈ మధ్యేమార్గము తెగలకును చాలునని కొందరి మతము. నాకు చాలదని తోచుచున్నది. రిచీ కేసులోని ఫైలు ప్రభుత్వ శాఖది. న్యాయస్థానపు ఆజ్ఞ నొక మినహాయింపుగా అక్కడి చట్టమే ఒప్పుకొని యుండెను. ఎట్టి మినహాయింపును లేని రక్షణ నిచ్చిన చట్టము సంగతి ఆ తీర్పు తేల్చలేదు. ఇక ఏకాంతమున చదువుట అనగా, చిన్న తెగలో, వరుసకు మామయగు న్యాయాధిపతి చదువుట యని చెప్పితిని. 1996లో జాఫీ కేసులో మానసిక చికిత్సకులతోను లైసెన్సు గల సాంఘిక కార్యకర్తలతోను జరిగిన సంభాషణకు రక్షణ నిచ్చుచు, కేసు కేసునకు తూకము వేసి చూతమను పద్ధతిని సుప్రీం కోర్టే త్రోసిపుచ్చెను. మాట దాగునో దాగదో మాట్లాడు నాటికి తెలియనిచో ఎవరును మాట్లాడరనుట ఆ తీర్పులోని హేతువు.

ముద్దాయి పోగొట్టుకొనునది ఏమి? స్త్రీని అడ్డుప్రశ్నలు వేయు హక్కు వానికి చెక్కుచెదరక యున్నది. పోలీసు నివేదిక, ఆసుపత్రి కాగితములు, ఛాయాచిత్రములు, ఇరుగుపొరుగుల సాక్ష్యము, ఇవన్నియు వాని వకీలునకు అందుబాటులో నున్నవి. సహాయకురాలు నేరమును కన్నులారా చూచిన సాక్షి కాదు. రక్షణ లేనిచో ఆ స్త్రీ ఆ మాటలు చెప్పియే యుండదు గనుక, రక్షణ వలన నశించిన సాక్ష్యమంటూ ఒకటి లేదు. అయితే ఇందులో తెగలు జాగరూకతతో మెలగవలెను. 1896 నాటి తీర్పు ననుసరించి అమెరికా రాజ్యాంగపు హక్కుల ప్రకరణము తెగ ప్రభుత్వములను నేరుగా కట్టదు. కాని 1968 నాటి మూలవాసి పౌరహక్కుల చట్టము న్యాయమైన విచారణను తెగలపై విధిగా పెట్టినది. నిర్బంధములో నున్నవాడు కేంద్ర న్యాయస్థానము తలుపు తట్టవచ్చును. వాక్యము వదులుగా వ్రాసినచో అక్కడ తెగిపోవును. మినహాయింపులు ఒకటి రెండుకు మించరాదు, ఉన్నవి స్పష్టముగా ఉండవలెను.

వానిలో పిల్లల క్షేమము మొదటిది. తెగల భూభాగములపై పనిచేయు కొన్ని తరగతుల ఉద్యోగులు బాలలపై హింసను గమనించినచో తెలియజేయవలెనని 1990 నాటి కేంద్ర చట్టము ఆదేశించుచున్నది, దానిని కాదనువాడెవ్వడు? తల్లి దెబ్బలు తినుచుండగా బిడ్డ చూచినదను కారణమున ఆ తల్లినే దోషిగా నిలుపు దురాచారమునకు మాత్రము ఆ మినహాయింపు దారి కాకూడదు.

సంప్రదాయము పేరిట వచ్చు ఆక్షేపణను నేను గౌరవముతోనే వినుచున్నాను. తగవును పదిమంది ఎదుట విప్పి, పెద్దల నడుమ చెప్పించి, చెడిన సంబంధమును చక్కదిద్దుటయే మా న్యాయమనియు, చాటుమాటు రహస్యములు తెల్లవారి న్యాయస్థానముల సరకనియు కొందరు తెగపెద్దలు చెప్పుదురు. నవాహో జాతి 1982లో తన ప్రాచీన శాంతిస్థాపన పద్ధతిని న్యాయస్థానపు అంగముగా నిలిపినది. ఆ పద్ధతి లోకమునకు నేర్పవలసినవి చాల కలవు. అయితే ఆ వలయములో కూర్చుండుటకు ఇద్దరును నిర్భయులై యుండవలెను. ఒకరిచేత మరియొకరు దెబ్బలు తినుచుండగా, పదిమందిలో ఏది చెప్పవలెనో ఏది దాచుకొనవలెనో నిర్ణయించుకొనుటకు తిన్న మనిషికి ముందొక నిభృతస్థానము కావలెను. మస్కోగీ జాతికి చెందిన న్యాయశాస్త్రవేత్త సారా డీర్ తన రచనలలో తెగల స్వాధికారమును, తెగ స్త్రీ తన దేహముపై కలిగియుండు స్వాధికారమును ముడిపెట్టి చూపినది. ఆ చూపు సరియైనదని నేను నమ్ముచున్నాను. స్త్రీ దేహమును కాపాడలేని స్వపరిపాలన ఎట్లు కొఱవడినదో, ఆమె మాటను కాపాడలేనిదియు అట్లే కొఱవడినది.

దూరదేశపు తెగల గొడవ మనకేల యనువారికి మన చట్టమునే చూపవచ్చును. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము క్రింద రక్షణాధికారి తనకందిన ఫిర్యాదుపై సంఘటన నివేదిక వ్రాసి మేజిస్ట్రేటునకు పంపుటయే గాక, దాని ప్రతిని పోలీసు స్టేషనునకును పంపవలెను. ఉభయులలో ఎవరు కోరినను విచారణ మూసిన తలుపుల వెనుక జరుపవచ్చునని 16వ సెక్షను చెప్పుచున్నది. బాధితురాలు కోరినచో ఆమె అక్కడ నున్న సంగతిని ఆశ్రయగృహము ప్రతివాదికి తెలుపరాదని 2006 నాటి నియమములు చెప్పుచున్నవి. మంచివే. కాని భార్యాభర్తల సంభాషణకును, వకీలు కక్షిదారుల సంభాషణకును 1872 నుండి రక్షణ నిచ్చుచు, 2023లో కొత్త పేరుతో సాక్ష్యచట్టమును తిరుగవ్రాసికొన్నపుడు సైతము, కౌన్సెలరుతో బాధితురాలు చెప్పుకొన్న మాటను మనము తలచుకొననైనను లేదు. పాడేరు కొండలలోనో ఉట్నూరు అడవిపల్లెలలోనో దెబ్బలు తిన్న స్త్రీ మొదట చెప్పుకొనునది అంగన్‌వాడీ టీచరుతో, లేక ఆశా కార్యకర్తతో; ఆ మాటకు ఏ చట్టపు కాపును లేదు. భర్త వీసాపై ఆధారపడి అమెరికాకు పోయిన మన ఆడపడుచులకు అక్కడ కొంత నయము: భర్త హింసను ఆధారము చేసికొని స్త్రీ పెట్టుకొను వలస దరఖాస్తు వివరములను అధికారులు బయటపెట్టరాదని 1996లోనే అక్కడ చట్టమైనది. ఆ సంగతి తెలియక, ఫిర్యాదు చేసిన మరుక్షణమే భర్తకు తెలియునను భయముతో మ్రగ్గువారు నేటికిని కలరు.

తిరిగి తెగల మాటకు వత్తము. తెగ తన పని తాను చేసికొన్నను సగము పని మిగిలియుండును. ఒకే దెబ్బ మూడు న్యాయస్థానములకు పోవచ్చును: చిన్న నేరముగా తెగ న్యాయస్థానమునకు, ఘోరమైనచో 1885 నాటి చట్టము క్రింద కేంద్ర న్యాయస్థానమునకు, 1953 నాటి చట్టము వర్తించు కాలిఫోర్నియా, అలాస్కా, మిన్నెసోటా వంటి చోట్ల రాష్ట్ర న్యాయస్థానమునకు. తెగ న్యాయస్థానమున దాగిన మాట మిగిలిన రెండిటిలోను దాగునను హామీ లేదు; ఎవరి సాక్ష్యనియమము వారిదే. రక్షణ ఉత్తర్వు విషయమున 1994లోనే కాంగ్రెసు ఈ చిక్కును విడదీసెను. తెగ న్యాయస్థానము ఇచ్చిన ఉత్తర్వును ప్రతి రాష్ట్రమును, ప్రతి తెగయు తన ఉత్తర్వు వలెనే అమలు జరుపవలెను. బాధితురాలి గుర్తు తెలియునట్లు దానిని ఇంటర్నెట్టులో పెట్టరాదని పిదప చేర్చిరి. ఉత్తర్వునకు చేసిన పనిని ఆ ఉత్తర్వును సంపాదించి పెట్టిన సంభాషణకును చేయుట కాంగ్రెసునకు అసాధ్యము కాదు: తెగ చట్టము రక్షించిన సహాయకురాలి సంభాషణను కేంద్ర, రాష్ట్ర న్యాయస్థానములు సైతము రక్షింపవలెనని ఒక్క ఉపసెక్షను చాలును. అది వచ్చువరకు సహాయకురాలు తక్కువగా వ్రాసికొనవలెను. ఏ న్యాయస్థానమున తాను మౌనము వహింపగలదో, ఏ న్యాయస్థానమున వహింపజాలదో మొదటి సమావేశముననే ఆ స్త్రీకి చెప్పి, ఏమి చెప్పుకొనవలెనో ఆమెనే నిర్ణయించుకొననీయవలెను.